ఇటుక బట్టీల్లో ఒడిశా కూలీల హక్కులపై సర్వసభ్య సమావేశ తీర్మానం

నువాఖాయి పండుగ దాటాక ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి కుటుంబాలతో సహా కదిలి, మళ్లీ వానలు పడేదాకా పెద్దపల్లి ప్రాంతపు ఇటుక బట్టీల్లో పనిచేసే కూలీల స్థితిని మా సంఘం సర్వసభ్య సమావేశం చర్చించింది.

మట్టి కలిపేదీ, అచ్చు పోసేదీ, పచ్చి ఇటుకను తిరగేసి ఆరబెట్టేదీ భార్యాభర్తలిద్దరూ. వెయ్యి ఇటుకలకు ఇంతని కట్టే కూలి మాత్రం మగవాడి పేరునే రాస్తారు. ఆమె పేరు రిజిస్టరుకెక్కదు. ఎక్కని మనిషి కూలి అడగలేదు, దెబ్బ తగిలితే పరిహారమూ అడగలేదు. బట్టీల్లో ఉన్న వివక్షలన్నిటిలోకీ ఇదే పెద్దదని మా అభిప్రాయం.

కూలిలో ఆడ, మగ తేడా చూపరాదని 2019 వేతనాల కోడ్ 3వ సెక్షన్ చెబుతోంది. కనీస వేతనం ఇవ్వకుండా చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో తేల్చింది. ముందుగా తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా కూలీని బట్టీ దాటనివ్వకపోవడం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. వెట్టికి కట్టేసిన ఆ బాకీని తీర్చవలసిన పనే లేదు. తెలుగు రాని కూలీకి ఈ సంగతి చెప్పేవారు లేరు.

ఒడిశాలో అడ్వాన్సు తీసుకుని వలస వెళ్లే దాదన్ కూలీల గోడు నుంచి పుట్టిన 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురున్న చోటికీ వర్తించేది. స్థానికులతో సమానమైన కూలి, ఊరు విడిచి వచ్చినందుకు భత్యం ఇవ్వాలనేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 10కి పెంచి, ఆ భత్యాన్ని తీసేసింది. దీన్ని ఈ సమావేశం తీవ్రంగా నిరసిస్తోంది.

కాబట్టి బట్టీలో పనిచేసే ప్రతి స్త్రీ పేరూ విడిగా నమోదు చేసి, వేతన చీటీ ఆమె చేతికే ఇవ్వాలనీ, కార్మిక శాఖ తనిఖీలకు ఒడియా తెలిసినవారిని వెంట తీసుకురావాలనీ, వెట్టిచాకిరీ చట్టం కింది జిల్లా విజిలెన్స్ కమిటీ సీజన్ మొదట్లోనే బట్టీలు తిరిగి అడ్వాన్సు లెక్కలు చూడాలనీ తీర్మానిస్తున్నాం. పిల్లలకు ఒడియాలో చదువు చెప్పే ఏర్పాటు ప్రతి బట్టీకీ అందాలి. తీసేసిన భత్యాన్ని తిరిగి చేర్చేలా కోడ్‌ను సవరించాలని కేంద్రాన్ని కోరుతున్నాం.

కూలి ఎగవేత ఫిర్యాదులకు మా సంఘం న్యాయవాదులు ఫీజు లేకుండా వాదిస్తారు. ఈ తీర్మానం ప్రతులను జిల్లా కలెక్టరుకూ, కార్మిక శాఖకూ, ఒడియా అనువాదంతో బలంగీర్ కలెక్టరుకూ పంపాలని సమావేశం ఏకగ్రీవంగా ఆమోదించింది.