నాన్న మెడలో 0.08

మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మామూలుగా గుడ్ మార్నింగ్ పూలే వస్తుంటాయి. కిందటి నెలలో ఒకరోజు నాన్న ఒక రిపోర్టు ఫొటో పెట్టారు. అందులో ఒక అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీశారు. 0.86. కింద ఆయన కామెంట్: "మూడు నెలల కింద 0.94. ఇప్పుడిది. ఏమంటారు?" ఇంకేముంది, చప్పట్లే చప్పట్లు. బాబాయ్ వరసగా మూడు దండాలు పెట్టాడు. నేనూ ఒక హార్ట్ కొట్టేసి నా పనిలో పడ్డాను.

వారం తర్వాత ఇంటికెళ్తే తెలిసింది, ఆ మర్నాటి నుంచే ఆయన బీపీ మాత్ర మానేశారని. "గోడ పలచబడిందిగా, ఇంకెందుకు?" అట. అమ్మ బీపీ మిషన్ తెచ్చి కట్టింది. 172/100. ఆ సాయంత్రమే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం, మాత్ర మళ్లీ మొదలైంది. కానీ హార్ట్ కొట్టిన వేలు నాదే కదా. ఆ 0.08 ఎక్కణ్నుంచి ఊడిపడిందో కనుక్కునే పని కూడా నాదే అనిపించింది.

ముందు ఆ కొలత సంగతి చెప్తాను. మెడలో మెదడుకి రక్తం తీసుకెళ్లే కరోటిడ్ ధమని ఉంటుంది. అల్ట్రాసౌండ్‌లో అదొక నల్లటి గొట్టంలా కనిపిస్తుంది. దాని అవతలి గోడ మీద రెండు తెల్లగీతలు, మధ్యలో సన్నటి బూడిదరంగు పట్టీ. ఆ గీతల మధ్య దూరమే గోడలోని లోపలి రెండు పొరల మందం. రిపోర్టుల్లో సీఐఎంటీ అని రాసేది దాన్నే. 1986లో ఇటలీలో పావొలో పిన్యోలీ బృందం ఈ దూరాన్ని అసలు రక్తనాళాల ముక్కలతో పోల్చి, రెండూ సరిపోతున్నాయని చూపించింది. మందం పెరుగుతుంటే గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా పెరుగుతుందని తర్వాత చాలా పరిశోధనల్లో తేలింది. యూరప్ బీపీ మార్గదర్శకాల్లో 0.9 మిల్లీమీటర్లు దాటితే ఎక్కువ అన్నారు. నాన్న ఎర్ర పెన్ను తియ్యడానికి కారణం అదే: 0.94 గీతకి అవతల, 0.86 ఇవతల.

పూర్వం ఈ కొలత చేత్తో తీసేవారు. స్క్రీన్ మీద ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క. ఒకే బొమ్మకి ఇద్దరు మనుషులు రెండు అంకెలు చెప్పేవారు. ఇప్పుడు టెక్నీషియన్ ఒక డబ్బా గీస్తే చాలు. అందులో నిలువు వరస ఒక్కోదాన్నీ సాఫ్ట్‌వేర్ చూసుకుంటూ పోతుంది, నలుపు ఎక్కడ హఠాత్తుగా తెలుపైందో వెతుకుతుంది. ఒక్క వరసనే నమ్మితే మచ్చల్ని చూసి మోసపోతుంది కాబట్టి, పక్కపక్క వరసల్లో గీత ఎగిరిగంతులెయ్యకుండా నున్నగా సాగే దారిని ఎంచుకుంటుంది. సుమారు ఒక సెంటీమీటరు పొడవునా అలా కొలిచి సగటు తీస్తుంది. కొత్తవాటిలో న్యూరల్ నెట్‌వర్క్‌లు వచ్చాయి. నిపుణులు గీసిన గీతల్ని వేల బొమ్మల్లో చూసి నేర్చుకుంటాయి. (ఆ నిపుణుల అలవాట్లు కూడా నేర్చేసుకుంటాయనుకోండి, అది వేరే కథ.)

ఇక్కడే నేను బోల్తాపడ్డాను. మిషన్ కొలిచిందంటే తప్పుండదనుకున్నాను. నిజమే, అదే బొమ్మ మళ్లీ ఇస్తే అదే అంకె చెప్తుంది. కానీ నాన్నకి రెండుసార్లూ తీసింది అదే బొమ్మ కాదు! సెంటర్ వేరు, మిషన్ వేరు, చెయ్యి వేరు. ప్రోబ్ కాస్త వాలితే ధమని ఏటవాలుగా తెగి గోడ లావుగా కనిపిస్తుంది. గెయిన్ పెంచితే తెలుపు అంచులు దాటి పాకుతుంది. గుండె కొట్టుకున్నప్పుడు గొట్టం ఉబ్బి గోడ కాస్త పలచబడుతుంది. అందుకే పద్ధతి ప్రకారమైతే గుండె సడలి ఉన్న క్షణంలోనే బొమ్మ ఆపాలి. మెడ స్కాన్‌లో స్క్రీన్ మీద ఒక చుక్క, అదే పిక్సెల్, చాలాసార్లు 0.06 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. నాన్న పండగ చేసుకున్న తేడా ఒకటిన్నర చుక్క కూడా లేదు!

ఇంకోటి. పెద్దవాళ్లలో ఈ గోడ ఏడాదికి మందమయ్యేదే మిల్లీమీటరులో వందో వంతు అటూఇటూ. మరి మూడు నెలల్లో ఎనిమిది వందో వంతులు ఎలా కరుగుతుంది?

అయితే ఈ కొలత దండగా? కాదు. 2008లో ఎన్‌హాన్స్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. పుట్టుకతోనే కొలెస్టరాల్ ఎక్కువగా ఉండే 720 మందిని రెండేళ్లు చూశారు. ఒక మందు వాడినవారిలో గోడ సగటున 0.0058 మిల్లీమీటర్లు పెరిగితే, దానికి ఇంకో మందు కలిపినవారిలో 0.0111 పెరిగింది. ఆ తేడా లెక్కలోకి రాదని తేల్చారు. అంత చిన్న అంకెల గురించి మాట్లాడగలిగింది వందలమంది సగటు తీశారు కాబట్టి. ఒక్క మనిషికి, ఒక్క స్కాన్‌తో అది కుదరదు. ముప్పు అంచనా కోసం మామూలుగా అందరికీ ఈ కొలత తియ్యొద్దని 2013లో అమెరికా గుండె డాక్టర్ల సంఘాలే చెప్పాయి. గోడ మీద కొవ్వు గడ్డలా పేరుకున్న ప్లాక్ ఉందా లేదా అన్నది అంతకంటే ముఖ్యమైన కబురు. నాన్న రిపోర్టులో దాని గురించి ఒక వాక్యం ఉంది. దాని చుట్టూ ఎవరూ గియ్యలేదు, నేనూ చదవలేదు. "ప్లాక్ కనిపించలేదు" అని ఉంది, అదృష్టం.

ఇదంతా నాన్నకి చెప్పాను. బొమ్మలో రెండు గీతలూ చూపించి, పిక్సెల్ లెక్కేసి మరీ. ఓపిగ్గా విన్నారు. చివర్లో, "అయితే మొదటి 0.94 కూడా తప్పే అయ్యుండొచ్చుగా?" అన్నారు. అయ్యుండొచ్చు. నా దగ్గర జవాబు లేదు. "172 మాత్రం తప్పు కాదు" అని అమ్మ వంటింట్లోంచి అంది.

నిన్న గ్రూపులో కొత్త ఫొటో వచ్చింది. బీపీ మిషన్ స్క్రీన్, 138/84. బాబాయ్ మళ్లీ దండాలు. నేను ఈసారి హార్ట్ కొట్టలేదు, "ఇవాళ మాత్ర వేసుకున్నారా?" అని అడిగాను. బ్లూ టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.