ఇర్వింగ్ అడగాల్సింది డైరెక్ట్ ఫ్లైట్ కాదు

డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం నేలలో కొంత భాగం ఇర్వింగ్ నగర పరిధిలోనే ఉంది. 1974లో మొదలైన ఆ విమానాశ్రయం వైశాల్యంలో మన్‌హటన్ దీవి కంటే పెద్దది, ప్రయాణికుల రద్దీలో ప్రపంచంలోని మొదటి నాలుగైదు స్థానాల్లో ఒకటి. దాని పక్కనే లాస్ కొలీనాస్, వ్యాలీ రాంచ్ వీధుల్లో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉంటున్నాయి. ఇంత విమానాశ్రయం గుమ్మం ముందే పెట్టుకుని హైదరాబాద్‌కు ఒక్క డైరెక్ట్ ఫ్లైట్ లేదేమిటన్న ప్రశ్న సంఘాల వేదికల మీద, తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చే నాయకుల ముందు తరచూ వినిపిస్తూనే ఉంటుంది. నాయకులు తల ఊపుతారు, ఫొటో దిగుతారు, విమానం మాత్రం రాదు. దీనికి ఎయిర్‌లైన్స్ చిన్నచూపో, ప్రభుత్వాల అలసత్వమో కారణమని చాలామంది నమ్మకం. కారణాలు విడదీసి చూస్తే ఆ నమ్మకం నిలవదు. మన శ్రమంతా తప్పు కోరిక మీద పెడుతున్నామనీ, ప్రయాణం నిజంగా చవకై, తేలికయ్యే కోరిక ఒకటి పక్కన పడి ఉందనీ నా వాదన.

ముందు దారి సంగతి చూద్దాం. గ్లోబు మీద శంషాబాద్ నుంచి డాలస్‌కు దారం బిగించి పట్టుకుంటే అది పడమటికి పోదు, దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోతుంది. కారకోరం కొండలు, మధ్య ఆసియా, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి కొద్ది దూరంలోంచి కెనడా మీదికి దిగుతుంది. మొత్తం సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా వెళ్తే హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి 2,550, అక్కడి నుంచి డాలస్‌కు 12,900, కలిపి 15,500కు కొంచెం తక్కువ. అంటే దుబాయ్ దారిలో అదనంగా పడేది వెయ్యి కిలోమీటర్లు, ఆకాశంలో గంటకు కాస్త ఎక్కువ. ప్రయాణాన్ని నరకం చేసేది ఆ గంట కాదు, మధ్యలో దిగిన చోట కాచుకునే నాలుగు గంటలో, ఎనిమిది గంటలో. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతా లెక్కలన్నీ వేరుగా కనిపిస్తాయి.

పైగా ఆ దారం మీద విమానాలు సాధారణంగా ఎగరవు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే విమానం వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి, కారకోరంలో శిఖరాలే ఏడెనిమిది కిలోమీటర్లుంటాయి. అందుకే మామూలుగా పడమటికి ఒరిగి పాకిస్తాన్ మీదుగా వెళ్లేవారు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసింది, ఆపై నెలనెలా ఆ గడువు పొడిగిస్తూ వచ్చింది. అప్పుడిక అరేబియా సముద్రం మీదికి చుట్టి వెళ్లాలి, అంటే దుబాయ్‌లో ఆగకుండా దాదాపు దుబాయ్ దారే పట్టాలి. పోనీ అమెరికన్ కంపెనీలు నడపవచ్చు కదా అంటే, వాళ్లకు 2022 నుంచి రష్యా ఆకాశం మూసి ఉంది. ఆ ఏడాదే యునైటెడ్ సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కో–ఢిల్లీ, నెవార్క్–ముంబై సర్వీసులు ఆపేసింది. ఒకరికి ఇటు గుమ్మం మూత, ఇంకొకరికి అటు గుమ్మం మూత. వినతిపత్రం ఎవరికిచ్చినా ఈ రెండు తాళాల్లో ఒకటి అడ్డం వస్తుంది.

ఇక విమానం, డబ్బు. డాలస్‌లో రాజ్యమేలే అమెరికన్ ఎయిర్‌లైన్స్ దగ్గరున్న పెద్ద విమానాల్లో బోయింగ్ 787-9 పరిధి కంపెనీ లెక్క ప్రకారమే సుమారు 14,000 కిలోమీటర్లు, 777-300ఇఆర్‌ది అంతకంటే తక్కువ. సరళరేఖకే చాలని విమానాలు చుట్టుదారికి ఎక్కడ సరిపోతాయి? అంత దూరం వెళ్లగల ఎ350లకు ఉన్న పాత ఆర్డరును ఆ సంస్థ 2018లో రద్దు చేసుకుంది. దూరం ఎక్కువైన కొద్దీ ఇంధనం మోయడానికే ఇంధనం తగలబెట్టాలి, చద్దిమూట బరువు మోసే ఓపిక కోసం అందులో సగం చద్ది తినేసినట్టు. ఇంతకంటే దూరం ఆగకుండా ఎగిరేవారు లేరా అంటే ఉన్నారు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లకు పైగా. కానీ ఆ విమానంలో సీట్లు 161, అందులో 67 బిజినెస్ క్లాస్, మిగతావి ప్రీమియం ఎకానమీ. మామూలు ఎకానమీ సీటు ఒక్కటీ లేదు. సుదూర ప్రయాణాల కోసం అమర్చిన అదే ఎ350-900లో ఆ సంస్థే మామూలుగా 250కి పైగా సీట్లు వేస్తుంది. సింగపూర్–న్యూయార్క్ మధ్య బ్యాంకర్లు తిరుగుతారు. హైదరాబాద్–డాలస్ మధ్య తిరిగేది ఆగస్టులో విద్యార్థులు, డిసెంబర్‌లో కుటుంబాలు, కాన్పులకు వచ్చే అమ్మానాన్నలు, అందరూ వంద డాలర్ల తేడాకు వెబ్‌సైట్లు మార్చేవాళ్లే. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు గానీ, ఆగస్టులో విద్యార్థులతో నిండి వచ్చిన విమానం తిరుగు ప్రయాణంలో ఎవరితో నిండాలి? దుబాయ్ విమానానికి ఈ బెంగ లేదు. తెలుగువాళ్లు తగ్గిన నెలలో కొచ్చి, ఢాకా, నైరోబీ వెళ్లేవారు ఆ సీట్లు నింపుతారు.

ప్రయత్నాలు జరగలేదని కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, కరోనా రోజుల్లో వారానికొక్కటి. అదీ నిలవలేదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2020లో బెంగళూరుకు నేరుగా ఎగురుతామని ప్రకటించింది, అది కూడా సొంత కోట డాలస్ నుంచి కాదు, దూరం కలిసొచ్చే సియాటిల్ నుంచి. ఆ విమానం ఎగరనే లేదు. రాష్ట్ర ప్రభుత్వం నష్టం భరిస్తే నడుస్తుందనే వారికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 2018 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ హామీతో ఇండిగో విజయవాడ–సింగపూర్ సర్వీసు నడిపింది. హామీ ఆగిన 2019లోనే విమానమూ ఆగింది. సింగపూర్ నాలుగు గంటల దూరం. పదిహేడు గంటల దూరానికి అలాంటి హామీ ఏ ఖజానా ఇస్తుంది, ఇచ్చినా ఎందుకివ్వాలి?

మరి అడగాల్సిందేమిటి? భారత్, అమెరికాల మధ్య 2005 నుంచి ఆకాశం ఒప్పందపరంగా తెరిచే ఉంది, ఎన్ని విమానాలైనా నడుపుకోవచ్చు. కట్టడి ఉన్నది మనవాళ్లు నిజంగా వెళ్లే గల్ఫ్ దారి మీద. దుబాయ్‌తో ఒప్పందం ప్రకారం ఒక్కో పక్షానికి వారానికి సుమారు 65 వేల సీట్లే, అవీ దేశం మొత్తానికి. ఆ అంకె దాదాపు 2014 నాటిది. పెంచమని దుబాయ్ ఏళ్లుగా అడుగుతోంది, ఢిల్లీ ఒప్పుకోవడం లేదు. గిరాకీ పెరుగుతుంటే సీట్లు కదలకపోతే టికెట్ ధర ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. సీట్లు పెరిగితే హైదరాబాద్ నుంచి రోజూ మరిన్ని విమానాలు వస్తాయి, విమానాలు పెరిగితే డాలస్ విమానం కోసం కాచుకునే గంటలు తగ్గుతాయి. డైరెక్ట్ ఫ్లైట్ మిగిల్చేవీ ఆ గంటలే.

దీనికి ఢిల్లీ చెప్పే జవాబు తేలిగ్గా తీసేయదగ్గది కాదు. గల్ఫ్ సంస్థలకు తలుపులు బార్లా తెరిస్తే భారతీయ సంస్థలు సుదూర విమానాలు నడపడం ఎన్నటికీ నేర్చుకోవు, మన ప్రయాణికులతో దుబాయ్ బాగుపడుతుంది అంటారు. నిజమే. ఎయిర్ ఇండియా 2023లో 34 ఎ350-1000లకు ఆర్డరిచ్చింది, వాటికి డాలస్ దూరం భారం కాదు. అయితే ఆ రక్షణ ఖరీదు ఎవరు కడుతున్నారు? హైదరాబాద్ నుంచి అమెరికాకు ఇప్పుడు ఒక్క విమానమైనా నడపని సంస్థను కాపాడటానికి హైదరాబాద్ ప్రయాణికుడు అదనంగా చెల్లిస్తున్నాడు. కొత్త విమానాలొచ్చినా అవి ముందు ఢిల్లీ, ముంబైల నుంచే ఎగురుతాయి, తెలుగువాడికి అప్పుడూ మధ్యలో దిగి ఎక్కడం తప్పదు. గల్ఫ్‌లో యుద్ధమొస్తే ఏమిటన్నది ఇంకో అభ్యంతరం. 2025 జూన్‌లో ఖతర్ తన ఆకాశాన్ని కొన్ని గంటలపాటు మూసినప్పుడు వేలాదిమంది ఇరుక్కున్నారు. కానీ అదే ఏడాది పాకిస్తాన్ మూత కూడా ఒక కారణమని చెప్పి ఎయిర్ ఇండియా ఢిల్లీ–వాషింగ్టన్ నాన్‌స్టాప్‌నే సెప్టెంబర్ నుంచి ఆపేసింది. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ దారులు కూడా ఉన్నాయి గనుక ఆగి వెళ్లేవారికి మారు దారి దొరుకుతుంది. డైరెక్ట్ ఫ్లైట్ రద్దయితే దొరికేది రీఫండే.

డైరెక్ట్ ఫ్లైట్ కోరేవారి వాదనల్లో నన్ను నిజంగా ఆపేది ఒక్కటే, ఇంగ్లీషు, హిందీ రాని పెద్దవాళ్ల సంగతి. వీల్‌చెయిర్ అడిగేవారిలో చక్కగా నడవగలిగిన అమ్మమ్మలు ఎందరో ఉంటారు. వాళ్లకు కావలసింది కుర్చీ కాదు, ఏ గేటుకు పోవాలో తెలుగులో చెప్పే మనిషి. దోహా, దుబాయ్ విమానాశ్రయాల్లో తెలుగువాళ్లు పనిచేస్తూనే ఉన్నారు. డాలస్ విమానాల వేళకు వారిలో నలుగురిని గేట్ల దగ్గర ఉంచడం ఎయిర్‌లైన్స్‌కు కొత్త విమానం కొన్నంత ఖర్చేమీ కాదు. సంఘాలు కలిసి అడిగితే ఒక సీజన్‌లో జరగగల పని ఇది. సీట్ల కోటా అంత త్వరగా తేలేది కాదు, అది ఢిల్లీలో రాజీవ్ గాంధీ భవన్‌లోని పౌర విమానయాన శాఖ బల్ల మీద ఉంది. 2024 జూన్ నుంచి ఆ బల్ల వెనుక కూర్చున్నది శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు, ఒక దశాబ్దం కిందట అదే శాఖ విజయనగరం నుంచి వచ్చిన అశోక్ గజపతిరాజు చేతిలో ఉండేది. మంత్రి తెలుగువాడైనా దేశమంతటి లెక్క చూడాలి కాబట్టి వెంటనే సరేననరు. అయినా ఇర్వింగ్ నుంచి వెళ్లే తర్వాతి వినతిపత్రంలో మొదటి పేరాలోనే ఆ 65 వేల అంకె ఉండాలి.