గోల్ కొట్టనివాళ్లు

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు పేరెత్తితే చాలు, పాతతరం వాళ్ల కళ్లు మెరుస్తాయి. 1950 నుంచి వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు మరి! ఘనతంతా కోచ్ రహీం సాబ్‌దే అంటాం. 2024లో ఆయన మీద ‘మైదాన్’ సినిమా కూడా వచ్చింది. సంతోషం. ఆటగాళ్లలో తులసీదాస్ బలరాం గుర్తొస్తాడు.

మరి నూర్ మహ్మద్? హాఫ్‌బ్యాక్. ముందున్నవాళ్లకు బంతి అందించాలి, ఎదుటివాళ్లు దూసుకొస్తే వెనక్కి పరుగెత్తి అడ్డుకోవాలి. రెండు చాకిరీలూ ఒకడివే. 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. 1952, 1956 ఒలింపిక్స్ రెండింటికీ వెళ్లాడు. 1956లో మెల్‌బోర్న్‌లో మనకు నాలుగో స్థానం. ఆస్ట్రేలియాపై మూడు గోల్స్ కొట్టిన నెవిల్ డిసౌజా చరిత్రకెక్కాడు. ఎక్కాల్సిందే. అదే జట్టులోని మన నూర్, డిఫెండర్ అజీజుద్దీన్ మాత్రం జాబితాలో పేర్లుగా మిగిలారు.

గోల్ కొట్టినవాడికి స్కోరుబోర్డు సాక్ష్యం. ఆపినవాడికి చూసిన కళ్లే సాక్ష్యం. ఆ కళ్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. మీ ఇంట్లో ఆ ఆటలు చూసిన తాతయ్య ఉంటే, ఈ ఆదివారం కాసేపు పక్కన కూర్చోండి. గోల్స్ సంగతి తరవాత. ముందు నూర్ గురించి అడగండి.