పుట్ అను చిన్న క్రియ

గత మాసమున ఇంగ్లండునుండి మా చందాదారురాలగు నొక సోదరి వ్రాసిన లేఖ మమ్ము తొలుత నవ్వించి, పిదప మిక్కిలి నొప్పించినది. ఆమె కుమార్తె పురిటికై అచ్చటికి బోయియున్నది. పొరుగింట నొంటరిగా నుండు వృద్ధురాలు గోడయొద్దకు వచ్చి, తన ముసలికుక్కను మఱునాడు "పుట్ డౌన్" చేయింపవలసి యున్నదని చెప్పినదట. పుట్ అనగా పెట్టుట, డౌన్ అనగా క్రింద; మంచముపైనుండి కుక్కను దింపుదురు గాబోలునని తలచి, మన సోదరి చిఱునవ్వుతో "వెరీ గుడ్" అన్నదట. ఆ వృద్ధురాలు మాటాడక లోపలికి బోయినది. నయముకాని రోగముతో బాధపడు జంతువును పశువైద్యుడు సూదిమందుతో నొప్పిలేకుండ చంపుటకు ఆ మాట వాడుదురని సాయంకాలము కుమార్తె చెప్పువఱకు నామెకు తెలియలేదు.

ఇందు మన సోదరి తప్పేమున్నది? శిశువును పడకపై పరుండబెట్టుటయు "పుట్ డౌన్" అనియే యందురు. నలుగురిలో నొకరిని చులకన చేయుటయు నదియే, కాగితముపై వ్రాసికొనుటయు నదియే. ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు 1989వ సంవత్సరపు కూర్పులో "సెట్" అను క్రియ యన్నిటికంటె ఎక్కువ స్థలము నాక్రమించినది. తరువాతి సవరణలలో నా ఘనత 2000లో "మేక్"నకును, 2007లో మన "పుట్"నకును, 2011లో 645 అర్థములతో "రన్"నకును దక్కినది.

మనము మాత్రము తక్కువవారమా? అన్నము పెట్టుదుము, ఆవకాయ పెట్టుదుము, బిడ్డకు పేరు పెట్టుదుము, కోడలికి వంకలు పెట్టుదుము. కోడి గ్రుడ్డు పెట్టును. "ఆమె పెట్టి పుట్టినది" అన్నచో ఏమి పెట్టినదని దొరసాని యడిగిన, చెప్పుట కొక పూట పట్టును.

ఇంగ్లీషువారి పాదములనుగూర్చిన పలుకుబళ్లు మూడు చూడుడు. పాదమును క్రింద పెట్టుట యనగా "ఇక వల్లకాదు" అని గట్టిగా నిలుచుట. పాదమును దానిలో పెట్టుట, అనగా "పుట్ యువర్ ఫుట్ ఇన్ ఇట్", తెలియక అనరాని మాట యనుట; మన సోదరి చేసినది సరిగా నిదియే. పాదములు పైకి పెట్టుట యనగా కాళ్లు చాపి విశ్రమించుట. ఈ మూడవది మన యిండ్లలో నెందఱు స్త్రీలకు లభించునో!

"పుట్ అప్" అనగా అతిథికి బస యిచ్చుట. "విత్" చేరిన సహించుట. అతిథి పదిదినములు దాటి యున్నచో మొదటిది రెండవదిగా మాఱుటకు వ్యాకరణ మక్కఱలేదు. దీపమార్పుటకు మనవారు "పుట్ ఆఫ్" అందురు గాని, అచ్చట దానికి వాయిదా వేయుట, వెగటు కలిగించుట యనియే ఎక్కువగా వాడుక. "పుట్ ఔట్" అనగా మంటను గాని దీపమును గాని ఆర్పుట. అమెరికావారి బజారుమాటలలో దీనికే మఱియొక యర్థము కలదు. అది యీ పుటలలో వ్రాయదగినది కాదు.

"పుట్ అపాన్" అను మాట మమ్ము చాలసేపు నిలిపినది. ఎల్లవారి పనులును తనమీద పడినను కాదనలేని మనిషిని అట్లందురు. దీనికి సరియగు నొక్క తెలుగుమాట యెంత వెదకినను మాకు దొరకలేదు. అట్టి స్త్రీలు మాత్రము ప్రతి వీథిలోను గలరు.

మఱునాడు ప్రొద్దుననే మన సోదరి కుమార్తెను వెంటబెట్టుకొని పొరుగింటికి బోయి, తానేమి యనుకొని యా మాట పలికినదో చెప్పించినది. వృద్ధురాలు కొంతసే పామె చేయి పట్టుకొని యూరకుండెనట. కుక్క యింకను పొయ్యిప్రక్కనే పరుండియున్నది. పిదప నామె లేచి, "పుట్ ది కెటిల్ ఆన్" అని తనలో తాననుకొనుచు తేనీటికి నీళ్లు పెట్టినది. ఈ పర్యాయము కుమార్తె అర్థము చెప్పనక్కఱ లేకపోయినదని మన సోదరి వ్రాసినది.

వచ్చు సంచికలో "గెట్" అను క్రియనుగూర్చి వ్రాయుదుము.