దోషం అమ్మేవాడికి శిక్ష లేదా?

మూఢనమ్మకాల వ్యాపారం మీద చట్టం కోసం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, సాగర్ ప్రజలకు విజ్ఞప్తి



2025 ఏప్రిల్‌లో సూర్యాపేట కోర్టు ఒక తల్లికి ఉరిశిక్ష వేసింది. అంతకు నాలుగేళ్ల కింద మోతె మండలంలోని ఒక తండాలో ఆమె ఏడు నెలల కన్నకూతుర్ని బలిచ్చింది. తనకు సర్పదోషం పట్టిందని, బిడ్డను బలిస్తే అది వదులుతుందని నమ్మింది. తీర్పు వచ్చిన నాడు చాయ్ హోటళ్ల దగ్గర వినబడ్డ మాట ఒక్కటే: తగిన శాస్తి జరిగింది!

ఆ మాటతో చేతులు దులుపుకుందామా? సర్పదోషం అన్న మాట ఆ తల్లి కడుపున పుట్టలేదు. ఎవరో చెప్పారు, ఎక్కడో చూసింది, ఎవరో అవునన్నారు. ఆ ‘ఎవరో’ బోను ఎక్కలేదు. అతని పేరు తీర్పులో ఉండదు. రేపు ఇంకో తండాలో, ఇంకో బస్తీలో, ఇంకో అమ్మాయి చెయ్యి పట్టుకొని అదే మాట చెబుతాడు. కత్తి పట్టినవాళ్లను శిక్షించే చట్టం మనకుంది. కత్తి పట్టేంత భయాన్ని డబ్బులకు అమ్మేవాడి కోసం రాసిన చట్టం తెలంగాణలో లేదు. ఈ కరపత్రం ఆ ఒక్క మాట కోసమే.

2022 జనవరి గుర్తుందా? హైదరాబాద్–సాగర్ రోడ్డు మీద, చింతపల్లి మండలంలో, మహంకాళి విగ్రహం పాదాల దగ్గర మనిషి తల దొరికింది. మొండెం వేరే చోట. చనిపోయింది మన సూర్యాపేట జిల్లా బిడ్డే, మతిస్థిమితం లేని మనిషి. అదే నెలలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ నరికారు. అంతకు ఏడాది ముందు మదనపల్లెలో చదువు చెప్పే తల్లిదండ్రులే ఎదిగిన ఇద్దరు కూతుళ్లను చంపి, మళ్లీ లేచి వస్తారని ఎదురుచూశారు. చదువు లేకనే ఇదంతా అనేవాళ్లకు మదనపల్లె చాలు. ఇంకో జవాబు అక్కర్లేదు.

ఇక ఆ వ్యాపారం సంగతి. బస్టాండు గోడ మీద, కరెంటు స్తంభం మీద, ఆటో వెనక కాగితం చూడండి. వశీకరణం, చేతబడి, సంతానం, భార్యాభర్తల గొడవ, కోర్టు కేసు, అన్నిటికీ ఇరవై నాలుగు గంటల్లో పరిష్కారం. కింద ఫోన్ నంబరు. దాచుకోవాల్సిన పని కూడా లేదు వాళ్లకు! మనిషి వెళ్లగానే ముందు మెత్తగా మాట్లాడతారు. నిమ్మకాయ కోస్తే ఎర్రగా మారుతుంది. ముందే పూసిపెట్టిన రసాయనం అది. జన విజ్ఞాన వేదిక వాళ్లు స్కూళ్లలో పిల్లల చేతనే చేయించి చూపిస్తారు. తర్వాత ‘నీకు ఎవరో చేయించారు’ అంటారు. ‘మీ ఇంటికి ఎవరు వచ్చిపోతారు?’ అని అడుగుతారు. మనమే నలుగురి పేర్లు చెబుతాం. అందులోంచి ఒకటి తీసి మన చేతికే ఇస్తారు. ఆ పేరు ఎవరిది? ఎప్పుడూ వాడకట్టులో పెద్దమనిషిది కాదు. ఒంటరి ముసలమ్మది, మొగుడు పోయిన ఆడమనిషిది, భూమి పంచాయతీ ఉన్న పాలివాడిది.

ఆ తర్వాత ఏం జరుగుతుందో మెదక్, మహబూబ్‌నగర్ పల్లెలు ఎన్నోసార్లు చూశాయి. బాణామతి చేశారని చెట్టుకు కట్టేయడం. పళ్లు ఊడగొడితే మంత్రం పలకదని పళ్లు పీకడం. పట్కారు పట్టింది ఊరివాళ్లు. పేరు చెప్పింది నిమ్మకాయ కోసినవాడు. కేసు ఊరివాళ్ల మీద. అతను అప్పటికే పక్క మండలంలో దుకాణం తెరిచాడు.

ఒక్క నిమిషం వాళ్ల మాటే నిజమనుకుందాం. మంత్రం నిజంగానే పనిచేసే లోకం ఒకటుందనుకుందాం. అక్కడ మంత్రగాడు మోటారు మెకానిక్ లాంటివాడు. బాగుచేస్తే డబ్బులు ఇస్తాం, పాడుచేస్తే నిలదీస్తాం. లైసెన్సు ఉండాలి, రసీదు ఉండాలి, మనిషికి హాని జరిగితే జైలు ఉండాలి. మంత్రం నిజమైన లోకంలో కూడా వీళ్లకు చట్టం తప్పదు! అబద్ధమైన మన లోకంలో మాత్రం ఏ లెక్కా చెప్పక్కర్లేదట. పూజ ఫలించకపోతే నీ నమ్మకం చాలలేదంటారు, ఇంకో పూజ రాస్తారు.

పైగా అలాంటి లోకంలో భక్తికి చోటే లేదు. రేటు తెలిస్తే దండం ఎందుకు? రెండేళ్లకోసారి పెద్దగట్టుకు గంపలెత్తుకొని ‘ఓ లింగా’ అంటూ పోయే జనం లింగమంతుల స్వామి దగ్గర రసీదు అడిగారా? మొక్కు తీరినా పోతారు, తీరకున్నా పోతారు. జాన్‌పహాడ్ ఉర్సుకు హిందువులూ ముస్లింలూ కలిసి పోతారు. మట్టపల్లి నరసింహస్వామి దగ్గర కృష్ణలో మునిగి తడిబట్టలతో నిలబడతారు. ఆ మొక్కే చేతుల జోలికి ఎవరు వస్తున్నారు? ఈ చట్టం మతం మీద దాడి అనేవాళ్లు మతానికీ మాయకూ తేడా తెలియనివాళ్లు, లేదంటే ఆ వ్యాపారంలో వాటా ఉన్నవాళ్లు. మహారాష్ట్ర చట్టంలో ప్రదక్షిణ, యాత్ర, భజన, హరికీర్తన నేరం కాదని విడమరిచి రాశారు. చదివి మాట్లాడండి.

ఈ నేలకు ఆ తేడా కొత్త కాదు. సాగర్ నీళ్ల కింద ఇక్ష్వాకుల విజయపురి ఉంది. పదిహేడు, పద్దెనిమిది వందల ఏళ్ల కింద దేశదేశాల భిక్షువులు వచ్చి చదువుకున్న చోటు అది. మన జిల్లా ఫణిగిరి కొండ మీద స్తూపం, విహారాలు ఆ కాలానివే. జనం ముందు మహిమలు చూపకూడదని బుద్ధుడు తన భిక్షువులకు వినయపిటకంలోనే నిషేధం పెట్టాడు. మహిమ చూపి మనసు కొల్లగొట్టే వాడిని ఆ కాలంలోనే గుర్తుపట్టారు! ఆ లోయలో కృష్ణకు అడ్డంగా నిలబడ్డ ఆనకట్ట మంత్రంతో లేవలేదు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశాడు. వేలమంది కూలీలు రాయి మోసి, రాయి చెక్కి, రాయి పేర్చారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలింది. ఎడమ కాలువ పారిన తర్వాతే మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరయింది. కాలువ కింద నాలుగు పుట్ల వడ్లు పండించుకునే మనం, ఆ వడ్లమ్మిన డబ్బులు తీసుకెళ్లి నిమ్మకాయ కోసేవాడి చేతుల్లో పోస్తున్నాం.

చట్టం సాధ్యం కాదా? బిహార్ 1999లోనే మంత్రగత్తె ముద్ర వేయడం నేరమంది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ దాని వెనకే వచ్చాయి. మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్ ఏళ్ల తరబడి చట్టం అడిగాడు. ఇవ్వలేదు. 2013 ఆగస్టు 20న పుణెలో ఆయన్ను కాల్చి చంపాక అదే వారంలో ఆర్డినెన్స్ తెచ్చారు. కర్ణాటక 2017లో చేసింది. మనకు కూడా ఎవరో ఒకరి శవం కావాలా? ఇన్ని శవాలు చాలలేదా?

దేవుడి పేరుతో జరిగేదాని మీద చట్టం చేయలేమనేవాళ్లు ఇది వినండి. జోగిని ఆచారాన్ని 1988లో చట్టంతోనే నిషేధించారు. గుడి ముందు కోడినీ మేకనూ బలివ్వకూడదని 1950 నాటి చట్టం మనకుంది. కోడికున్న చట్టం బలివ్వమని చెప్పేవాడి నుంచి మన బిడ్డను కాపాడటానికి లేదు. ‘హత్యకు శిక్ష ఉంది కదా’ అంటారు. అది బిడ్డ పోయాక వచ్చే చట్టం. మేం అడుగుతున్నది ముందు వచ్చేది.

మా డిమాండు ఇది. దోషం, చేతబడి, బాణామతి పేరు చెప్పి భయపెట్టి డబ్బు తీసుకోవడం, హాని కలిగే పరిహారం చెప్పడం, ఒకరిని మంత్రగాడనో మంత్రగత్తెనో పేరు పెట్టి చూపించడం, ఈ మూడూ బెయిలు లేని నేరాలు కావాలి. మహారాష్ట్రలో లాగ ప్రతి పోలీసు స్టేషన్లో దీనికంటూ ఒక అధికారి ఉండాలి. చట్టం వచ్చేదాకా కూడా పోలీసులు ఊరికే కూర్చోనక్కర్లేదు. మహిమతో రోగాలు నయం చేస్తామనే ప్రకటనల మీద 1954 నాటి కేంద్ర చట్టం ఉంది. గోడల మీది కాగితాల్లో ఫోన్ నంబర్లున్నాయి. పట్టుకోవడానికి ఇంకేం కావాలి?

మీ ఊరి గ్రామసభలో, మీ వార్డులో చట్టం కోరుతూ తీర్మానం పెట్టించండి. నకలు ఎమ్మెల్యేకు ఇచ్చి, అసెంబ్లీలో ఎప్పుడు అడుగుతారో అందరి ముందు చెప్పించండి. గోడ మీద వశీకరణం కాగితం కనబడితే ఫొటో తీసి స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఇంట్లో ఎవరికైనా నిద్రపట్టక, ఏవో మాటలు వినబడుతున్నాయని, దోషం పట్టిందని భయపడుతుంటే నిమ్మకాయ దగ్గరికి కాదు, జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలిమానస్ నంబరు, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.