తాళం చెవి ఎవరి దగ్గర?

ఎండాకాలం మన వాడలో ఒక పూరిల్లు అంటుకుంటే ఏం చేస్తాం? ఎవరూ చెప్పనక్కర్లేదు. ముసలివాళ్లనీ పసిపిల్లల్నీ ముందు బయటికి తెస్తాం. పక్కింటి కప్పు లాగి పారేస్తాం. బోరింగు నుంచి బిందెలు చేతులు మారతాయి. ఆసుపత్రి అంటుకుంటే మాత్రం ఈ తెలివి ఒక్కటే చాలదు. అక్కడున్నవాళ్లు లేచి పరిగెత్తలేరు. కాన్పయిన తల్లి, కాలు విరిగిన కూలీ, గాజుపెట్టెలో నెలతక్కువ బిడ్డ. వీళ్లను ఎవరో ఒకరు ఎత్తుకు రావాలి. ఆ ఎవరో ఎవరన్నదే మా ప్రశ్న.

2020 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు కోవిడ్ ఆసుపత్రుల్లో నెలకొకసారైనా అగ్నిమాపక తనిఖీ జరగాలని రాష్ట్రాలను ఆదేశించింది. నెల తిరక్కముందే, 2021 జనవరి 9న, మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు తగలబడింది. 17 మందిలో 10 మంది పోయారు. కాలిన గాయాలతో ముగ్గురు, పొగకు ఊపిరాడక ఏడుగురు అని ప్రభుత్వమే చెప్పింది. అదే ఏడు నవంబర్ 6న అప్పటి అహ్మద్‌నగర్ జిల్లా ఆసుపత్రిలో 11 మంది కోవిడ్ రోగులు బలయ్యారు. 2024 నవంబర్ 15న ఝాన్సీ మెడికల్ కాలేజీలో ఆ ఒక్క రాత్రే 10 మంది పసికందులు. ఇవన్నీ సర్కారు ఆసుపత్రులే. డబ్బున్నవాడు అక్కడ పడుకోడు.

శిక్ష ఎక్కడ పడిందో కూడా చూడండి. అహ్మద్‌నగర్‌లో పోలీసులు అరెస్టు చేసింది ఒక డాక్టర్నీ ముగ్గురు నర్సుల్నీ. భండారాలో కేసు పెట్టింది ఇద్దరు నర్సుల మీద. డ్యూటీలో తప్పుంటే తేల్చాల్సిందే. కానీ వైరింగు మార్చడానికీ, నీళ్ల పైపులు వేయించడానికీ సంతకం పెట్టే అధికారం నర్సుకుందా? నిధుల ఫైలు ఆమె బల్ల మీద ఉంటుందా? సంతకం పైవాడిది, సంకెళ్లు కిందివాళ్లవి. ఈ న్యాయం మనకు కొత్త కాదు.

ప్రైవేటు ఆసుపత్రులు మేలనుకునేవాళ్లు కలకత్తాను గుర్తు చేసుకోవాలి. 2011 డిసెంబర్ 9న ఆమ్రి ఆసుపత్రిలో 90 మంది దాకా చనిపోయారు. బండ్లు నిలపాల్సిన నేలమాళిగలో తగలబడే సామాను నింపారు. గాజు గోడలు దాటి పొగ బయటికి పోలేదు. మొదట పరిగెత్తుకొచ్చింది పక్క మురికివాడ కుర్రాళ్లు. కాపలావాళ్లు వాళ్లను వెనక్కి పంపారని ఆ వాడ జనం చెప్పారు. అయినా వాళ్లు ఆగలేదు. వెదురుబొంగులూ తాళ్లూ పట్టుకొచ్చి గోడలెక్కారు, రోగుల్ని దించారు. గేటు దగ్గర ఆపదగిన మనుషులే ప్రాణాలు కాపాడే మనుషులయ్యారు. మన విజయవాడలో 2020 ఆగస్టు 9న కోవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో 10 మంది పోయిన సంగతీ మరిచిపోలేం.

అర్ధరాత్రి వార్డులో ఉండేదెవరు? ఒక నర్సు, ఒక ఆయా, ఒక వార్డుబాయి, బయట ఒక స్వీపరు. చాలామంది కాంట్రాక్టు వాళ్లు, మన పల్లెల నుంచి పోయినవాళ్లు. కసువు ఊడవడానికి వాళ్లు కావాలి. ఎర్ర సిలిండరు పిన్ను ఎట్లా లాగాలో, రోగిని దుప్పటితో పాటు ఎట్లా లాక్కురావాలో వాళ్లకు నేర్పరు. వెనక తలుపు తాళం చెవి కూడా వాళ్ల చేతికివ్వరు.

అందుకే కార్యకర్తలకు మా మాట ఇది. ఈ పక్షంలో మీ ఏరియా ఆసుపత్రికి వెళ్లండి. రెండో తలుపు ఉందా, దానికి తాళముందా చూడండి. మెట్లకు అడ్డంగా విరిగిన మంచాలున్నాయేమో చూడండి. ఎర్ర సిలిండరు మీద తేదీ, దాని ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో చూడండి. ఆక్సిజన్ సిలిండర్ల దగ్గర బీడీ కాలుస్తుంటే ఆపండి. ఫైరు శాఖ అనుమతి ఉందా, చివరి తనిఖీ ఎప్పుడు, రాత్రి సిబ్బందికి శిక్షణ ఎప్పుడిచ్చారు అని సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టండి. జవాబు రాకపోతే పదిమందీ కలిసి సూపరింటెండెంటు గది ముందు కూర్చోండి.

ఊళ్లో అందరికీ ఇది కూడా చెప్పండి: మంట కనబడగానే 101కి ఫోను. లిఫ్టు ఎక్కొద్దు. పొగలో నిలబడొద్దు, నేలకు వంగి కదలండి. రోగుల్ని ముందు పక్క వార్డులోకి చేర్చి, మధ్య తలుపు మూసేయండి. తర్వాత కిందికి దించండి.

చచ్చాక ఇచ్చే లక్షలు మనకొద్దు. ఆ డబ్బుతో ముందే తీగలు మార్చమనండి, ఆయాలకు శిక్షణ ఇవ్వమనండి. ఎత్తుకొచ్చే చేతులు మనవే అయినప్పుడు తాళం చెవి కూడా ఆ చేతుల్లోనే ఉండాలి.