భుజము నొప్పికి పొడి సూది

మగ్గము దిగిన నేతగాని చేయి ముందు భుజము మీదికి పోవుట పావగడ తాలూకా వై.ఎన్. హొసకోటెలో ఏ వీధిలోనైన కనబడును. ఒక చేయి తాడు లాగి నాడెను తోలును, ఒక చేయి పలకను కొట్టును. కాళ్లు గుంటలో, మెడ పడుగు మీద. పట్టుచీర ముగియు నాటికి రెక్క ఎముక ప్రక్కన కండ బిగిసి గోలీకాయ వలె చేతికి తగులును. కండెలు చుట్టు ఆడవారి భుజములను మాత్రము మన ఇండ్లలో ఎవరును లెక్క చేయరు.

ఈ ముడికి ఫిజియోథెరపీ నిపుణులు కొందరు 'డ్రై నీడ్లింగ్' చేయుచున్నారు. డ్రై అనగా పొడి, సూదిలో మందుండదు. సన్నని సూదిని ముడిలోనికి దింపగా కండ ఒక్కసారి అదరి, పిదప సడలును. ఇట్టి ముడులను గూర్చి అమెరికాలో జానెట్ ట్రావెల్ అను వైద్యురాలు చాల శ్రమించెను. ఈమెయే 1961లో కెన్నెడీ అధ్యక్షునికి వైద్యురాలైనది. ఆమె సూదితో మందు నెక్కించెడిది. మందు లేని సూదియు పనిచేయునని 1979లో చెకోస్లోవేకియా వైద్యుడు కారెల్ లెవిట్ ప్రకటించెను.

ఇది బూటకము కాదు, సంజీవనియు కాదని మా అభిప్రాయము. కొన్ని వారములు నొప్పి తగ్గునని పరిశోధనలు చెప్పుచున్నవి. దీర్ఘకాలము నిలుచుననుటకు బలమైన సాక్ష్యము లేదు. ఎట్లు నిలుచును? మరునాడే ఆ గుంటలో, ఆ చెక్క మీదనే కూర్చుందుము గదా!

ఒక హెచ్చరిక. భుజము, పైవీపు కండల క్రిందనే ఊపిరితిత్తి యున్నది. సూది లోతు తప్పినచో దానికి రంధ్రము పడి, చుట్టును గాలి చేరును. అరుదే గాని ప్రాణాపాయము. కనుక శిక్షణ లేనివారికి వీపు అప్పగింపరాదు. ప్రతి సూదియు మన యెదుట పొట్లము విప్పినదై, ఒక్కమారు వాడి పారవేయునదై యుండవలెను. రక్తము పలుచన చేయు మాత్రలు వాడువారును, గర్భిణులును ముందే చెప్పవలెను. ఒకటి రెండు దినములు సలుపు సహజమే. ఆయాసము గాని ఛాతీ నొప్పి గాని వచ్చినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను.

వైద్యమునకై తుమకూరు పోవలెనన్న ఒక దినపు కూలి పోవును. నేత ఊళ్లకు వారమునకు ఒక దినమైన ఫిజియోథెరపీ నిపుణుడు వచ్చునట్లు సంఘము ప్రభుత్వమును అడుగవలెను. మగ్గములకిచ్చు సహాయములో, వీపు ఆనుకొనుటకు వీలైన పీట ఖర్చును కూడ చేర్చుమని అదే అర్జీలో వ్రాయవలెను.